ఎవరి సూది వాళ్లే గుచ్చాలి

షెడ్డు తలుపు ఇంకా తెరుచుకోలేదు. లోపల కుట్టుమిషను మాత్రం ఆగకుండా నడుస్తోంది.

కోపం వస్తే అత్తగారు మాట్లాడదు, కుడుతుంది. ఈ సంగతి ఇంట్లోవాళ్లకే కాదు, వీధి చివర బేకరీ ఆయనకు కూడా తెలుసు. మామూలు కోపమైతే ఒక దిండుగలీబుతో తీరిపోతుంది. పెద్ద కోపమైతే కిటికీ పరదాల దాకా వెళుతుంది. ఇవాళ తెల్లారినప్పటి నుంచి ఆ మిషను ఏం కుడుతోందో ఎవరికీ అంతుబట్టడం లేదు. పనికొచ్చిన ఆడవాళ్లు అన్నం డబ్బాలు చేత్తో పట్టుకుని పెరట్లో నిలబడి ఉన్నారు. వాళ్లలో పెద్దది, కాజాలు కుట్టే అక్క, తలుపు తట్టి తట్టి విసుగొచ్చి మెట్టు మీద చతికిలబడింది.

కోడలు పెరటి గుమ్మంలో నిలబడి షెడ్డు గోడకేసి చూసింది. నిన్న సాయంత్రం నగర కార్యాలయం మనుషులు వేసి వెళ్లిన ఎర్రరంగు గుర్తు అక్కడ ఉంది. గుండ్రటి సున్నా, నడుమ అడ్డగీత. ఇది తీసేయాల్సిన కట్టడం అని దానికి అర్థం. ఆ గుర్తు ఎలా ఉండాలో ఆఫీసులో కూర్చుని గీసిచ్చింది కోడలే. అప్పుడు ఎంతో పొందికగా కనిపించింది. తన పెరట్లోకి వచ్చేసరికి అది ఇంత వికారంగా ఉంటుందని ఆమె అనుకోలేదు.

ఆమె భర్త టీ గ్లాసు పట్టుకుని వంటింటికీ షెడ్డుకూ మధ్య తిరుగుతున్నాడు. ఆయన పళ్ల డాక్టర్లకు కట్టుడుపళ్లు తయారుచేసి ఇచ్చే మనిషి. ఊళ్లో సగంమంది ముసలివాళ్ల నోళ్లు ఆయన చేతి చలవ వల్లే ఆడుతున్నాయి. అదేం ఖర్మో, తల్లికీ పెళ్లానికీ మధ్య చిక్కితే మాత్రం ఆయన నోరే పెగలదు. టీ చల్లారిపోతోందమ్మా అని తలుపుతో చెప్పాడు. లోపల మిషను ఇంకాస్త జోరందుకుంది. చల్లారిన టీ ఆయనే తాగేశాడు.

గొడవ ఇంతదాకా ఎలా వచ్చిందో వీధిలో ఎవర్నడిగినా గుక్కతిప్పుకోకుండా చెబుతారు, ఒక్క ముక్క తప్ప.

ఆ షెడ్డు కింద సిమెంటు పలక ఉంది. పలక కింద మెట్లబావి ఉంది. ఊరు ఇంత ఊరు కాకముందు వీధి వీధంతా ఆ రాతిమెట్లు దిగి నీళ్లు తెచ్చుకునేది. కుళాయిలు వచ్చాక ఇంక బావెందుకు అని పలక పరిచి మూసేశారు. ఇప్పుడు ఎండాకాలంలో కుళాయి తిప్పితే గాలి వస్తుంది, వానాకాలంలో పిలవకుండానే నీళ్లు వంటింట్లోకి వస్తాయి. చుట్టూ నేలంతా మేడలూ తారురోడ్లూ అయిపోయాక, పడిన వాన మాత్రం ఎక్కడికని పోతుంది? పోయిన వానలకు వీధిలో ఉండే రేడియో బాబాయి మంచం మీద మంచం వేసుకుని, పై మంచం మీద కూర్చుని వీధంతటికీ వ్యాఖ్యానం చెప్పాడు.

బావి తెరవాలి, అరుగుల కింద పూడిపోయిన పాత నీటిదారిని తవ్వి బాగుచేయాలి, ఇళ్ల మీద పడిన వానను అందులోకి పంపాలి. నగర కార్యాలయంలో ప్రణాళికల విభాగంలో పనిచేసే కోడలు రెండేళ్లుగా పట్టుకుని వేలాడుతున్న పని ఇది. దీనికోసం ప్రతి ఇల్లూ ఏదో ఒకటి వదులుకోవాలి. ఒకరికి గడపముందు మెట్లు పోతాయి, ఒకరికి బండి నిలిపే చోటు, బేకరీ ఆయనకు కట్టెల కొట్టం. అందరూ ఒప్పుకోకపోతే ఆఫీసులో ఇంకో పథకం కాచుకుని ఉంది, వీధి నడిబొడ్డున పెద్ద సిమెంటు కాలువ. అది చివర ఈ పెరటి కిందుగా, బావిని నిలువునా చీల్చుకుంటూ పోతుంది. ఆ తర్వాత బావిని గురించి మనవలకు కథ చెప్పుకోవడమే.

ఎవర్నీ బలవంతపెట్టకూడదని కోడలు ఒక పద్ధతి పెట్టింది. బడి హాల్లో వీధి పటాన్ని పెద్ద థర్మోకోల్ పలక మీద అంటించి నిలబెట్టారు. వదులుకునే చోటు ఏదో ఆ చోట ఇంటివాళ్లే వచ్చి తమ చేత్తో గుండుసూది గుచ్చాలి, సూదికి తమకు నచ్చిన గుడ్డపీలిక ఒకటి కట్టాలి. పీలికల సంచీ ఇచ్చింది అత్తగారే. ఎవరి సూది వాళ్లే గుచ్చాలి, పక్కవాళ్ల సూది ముట్టుకుంటే ఊరుకోను అని కోడలు ప్రతి సమావేశంలోనూ చెప్పేది. జనం నవ్వేవాళ్లు.

ఎవరికీ తెలియని ముక్క ఏమిటంటే, అత్తగారి సూది అత్తగారిని అడక్కుండానే పడింది.

సూదులు గుచ్చే రోజుకు ఆవిడ ఊళ్లో లేదు. చెల్లెలికి కంటి ఆపరేషనంటే సాయం వెళ్లింది. హాలు నిండా జనం కూర్చున్నారు గాని, ఒక్కరూ లేవరు. పిల్లి మెడలో గంట కట్టాలని అందరికీ ఉంది, కట్టే చెయ్యే లేదు. చివరికి రేడియో బాబాయి గొంతు సవరించుకుని, ముందు ప్లానింగ్ మేడమ్ ఇంటి సూది పడనివ్వండి, తర్వాత మేమెందుకు ఆగుతాం అన్నాడు. అందరి చూపులూ కోడలి మీదికి మళ్లాయి. ఆమె లేచి, సంచీలోంచి నీలం పీలిక తీసి, ముడివేసి, తమ పెరటి మీద సూది గుచ్చింది. మీ అత్తగారు ఒప్పుకున్నారా అని ఎవరో అడిగితే "ఆఁ" అంది. ఆ తర్వాత సూదులు వరసగా పడ్డాయి. ఆవిడ ఒప్పుకుందనే వీధంతా అనుకుంది కాబట్టి ఆ సూది మాట ఆవిడ దగ్గర ఎవరూ ఎత్తలేదు.

అత్తగారు రాగానే చెప్పేద్దామనుకుంది. వచ్చిన రోజు ప్రయాణం బడలిక అని ఊరుకుంది. మర్నాడు ఆఫీసు. ఆ మర్నాడు ఆవిడకు తలనొప్పి. ఇలా ఏదో ఒక సాకు దొరుకుతూనే ఉంది. ఈలోగా రంగు డబ్బా పట్టుకుని మనుషులు వచ్చేశారు.

మిషను ఆగింది. పెరట్లో ఉన్నవాళ్లంతా ఒక్కసారి తలలు తిప్పారు.

గడియ తీసిన చప్పుడైంది. తలుపు సందులోంచి అత్తగారి ముఖం కనిపించింది, కళ్లజోడు ముక్కు చివరికి జారి, కాలరుకు గుచ్చుకున్న సూదులు మెరుస్తూ. కొడుకును చూసి ముఖం తిప్పుకుంది. పనివాళ్లను చూసి ఇవాళ సెలవు అన్నట్టు చెయ్యి ఊపింది. కోడలితో మాత్రం, "నువ్వు లోపలికి రా అమ్మాయ్" అంది.

కోడలు లోపలికి వెళ్లింది. తలుపు మళ్లీ మూసుకుంది.

ఆ షెడ్డులోకి వచ్చిన ప్రతిసారీ ఆమెకు నూనె, కొత్తగుడ్డ, వేడెక్కిన ఇస్త్రీపెట్టె కలిసిన వాసన హాయిగా ఉండేది. ఇవాళ ఊపిరాడలేదు. మామగారు పోయినప్పుడు, ఆడమనిషివి నీకు వ్యాపారమెందుకు, కొడుకు నీడన కూర్చోక అని చుట్టాలంతా తలో మాట అన్నారట. ఎవరి మాటా వినకుండా, ఎవరి ముందూ చెయ్యి చాచకుండా ఆవిడ ఈ రేకులు వేయించుకుంది. ఇల్లు అత్తగారికి మామగారు ఇచ్చింది. ఈ షెడ్డు మాత్రం ఎవరూ ఇవ్వలేదు. అది తెలిసి కూడా కోడలు సూది గుచ్చింది.

అత్తగారు బల్లమీది గుడ్డ తీసి దులిపింది. లేత బూడిదరంగు పొడుగు చొక్కా. కాలరు నిలబడేలా, మణికట్టు దగ్గర సన్నటి అంచుతో ఎంతో పొందికగా కుట్టింది. తెల్లారినప్పటి నుంచి మిషను కుట్టింది ఇదన్నమాట.

"వేసుకో. సాయంత్రం బడి హాల్లో మీటింగుకి ఇదే వేసుకెళ్లాలి."

"నాకెందుకత్తయ్యా ఇప్పుడు?"

"మీ ఆఫీసు పెద్దసారు ముందు నిలబడి మాట్లాడాల్సిందానివి. నలిగిన బట్టల్లో ఉంటే మాట కూడా నలిగినట్టే ఉంటుంది."

కోడలు చొక్కా వేసుకుంది. భుజం దగ్గర కాస్త వదులైందని ఆవిడ చుట్టూ తిరుగుతూ సూదులు పెడుతోంది. పెడుతూనే మనసులోది బయటపెట్టింది. రంగు వేశారని కాదట తన బాధ. అడక్కుండా వేశారని. అడగడమంటే ఎంతసేపు, తలుపు తట్టి ఒక్క మాట. కోడలు ఆ ఆఫీసులోనే ఉండి, అడగాలి అడగాలి అని ఊరంతా మొత్తుకుంటూ ఉండి కూడా, ఆమె సొంత అత్తగారినే వాళ్లు అడగలేదంటే కోడలి మాటకు అక్కడ ఎంత విలువున్నట్టు? అందుకే సాయంత్రం తనూ వస్తుందట. పెద్దసారును నలుగురిలో నిలబెట్టి అడుగుతుందట.

"నా షెడ్డు కోసం కాదు. నీ పరువు కోసం వస్తా" అంది.

కోడలికి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. తేలు కుట్టిన దొంగకు కూడా ఇంత బాధ ఉండదేమో, దొంగకు కనీసం ఎవరూ కొత్త బట్టలు కుట్టి పెట్టరు. "అత్తయ్యా, నేనొకటి చెప్పాలి" అంది.

"కదలకు. సూది గుచ్చుకుంటుంది."

"సూది సంగతే..."

"ఆగమంటున్నానా? ముందు ఈ భుజం చూడనీ." ఆవిడ నోట్లో రెండు సూదులు పట్టుకుని ఉంది. ఇక మాట వినే స్థితి లేదు, చెప్పే స్థితీ లేదు. పని అయ్యాక చొక్కా విప్పించుకుని, కుట్టు సరిచేసి, ఇస్త్రీ చేసి సాయంత్రానికి ఇస్తానని ఆవిడే ఆమెను వెనక్కి తిప్పి తలుపు వైపు నెట్టింది. చెబుదామనుకున్న మాట గొంతులోనే ఉండగా కోడలు పెరట్లోకి వచ్చి పడింది.

పటాలు చుట్టిన గొట్టం తెచ్చుకోవడానికి మేడగదిలోకి వెళ్లింది. అది ఎవరూ వాడని గది. నేలమీద సుద్దతో ఏవో గీతలు ఉన్నాయి, సగం గీతల మీద చాప పరిచి ఉంది. పుస్తకాల బీరువా పెట్టిస్తానని భర్త ఏళ్లుగా అంటున్నాడు, దానికి కొలతలు గీసుకున్నాడు కాబోలు. ఇంటికి నిప్పంటుకుంటే ఈయనకు బీరువా కావాల్సి వచ్చిందని ఆమెకు ఒళ్లు మండింది. గీతలు తొక్కుకుంటూ వెళ్లి గొట్టం తీసుకుంది.

భర్త వెనకే వచ్చాడు. అమ్మ ఏమందని అడిగాడు. అప్పుడు చెప్పేసింది, మొదటి నుంచి చివరిదాకా, హాలు, రేడియో బాబాయి మాట, నీలం పీలిక, "ఆఁ".

ఆయన గోడకు ఆనుకున్నాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు, "ఇవాళ చెప్పకు."

"మరెప్పుడు చెప్పను?"

"మీటింగు అయిపోనీ. వీధిలో పని మొదలవనీ. ఏదో ఒక రోజు మెల్లిగా నేను చెబుతా."

"మీరు చెబుతారా? టీ తాగమ్మా అని చెప్పడానికే పొద్దుట్నుంచి మీకు చేతకాలేదు."

ఆ మాట ఆయనకు తగలాల్సిన చోటే తగిలింది. మామూలుగా అయితే ఇక్కడితో ఆయన మెట్లు దిగి వెళ్లిపోవాలి. వెళ్లలేదు. "నన్ను కూడా అడగలేదు నువ్వు" అన్నాడు.

"అడిగితే ఏమనేవారు? మీ ఇష్టం అనేవారు. పెళ్లయినప్పటి నుంచి మీరు చెప్పిన జవాబు అదొక్కటే."

"అదైనా అనేవాణ్ణిగా."

ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అని ఎవరి గురించో అంటుంటే ఆమె నవ్వేది. ఊళ్లో అందర్నీ కూర్చోబెట్టి మాట్లాడించే మనిషి, సొంత ఇంట్లో ఇద్దరే ఇద్దరు మనుషులుంటే ఇద్దర్నీ అడగలేదు. ఆయన మాత్రం అమ్మను సాయంత్రం రాకుండా ఎలాగో ఆపుతాను అన్నాడు. ఎలా ఆపుతారని ఆమె అడగలేదు. ఎలా ఆపాలో తనకూ తెలీదని ఆయన చెప్పలేదు.

ఎవరూ ఆపలేదు. సాయంత్రం అత్తగారు తల దువ్వుకుని, మంచి చెప్పులు వేసుకుని అందరికన్నా ముందు వీధి గుమ్మంలో నిలబడింది. కొత్త చొక్కా కోడలి ఒంటికి అచ్చు గుద్దినట్టు సరిపోయింది. బడిదాకా నడిచేలోగా చెప్పేయాలని కోడలు గట్టిగా అనుకుంది. మలుపు తిరిగారో లేదో రేడియో బాబాయి ఎదురయ్యాడు.

ఆయన ఒకప్పుడు రేడియోలు బాగుచేసేవాడు. రేడియోలు పోయాయి, ఆయన మిగిలాడు, శబ్దం మాత్రం తగ్గలేదు. ఇద్దరి మధ్యా దూరి నడుస్తూ, తన గడపముందు మెట్లు తమ నాన్న కట్టించినవనీ, వాటి మీద కూర్చుని పేపరు చదవకపోతే తనకు తెల్లారినట్టే ఉండదనీ, అయినా వీధి కోసం వదులుకుంటున్నాననీ హాలు దాకా చెబుతూనే వచ్చాడు. అత్తగారు ఊఁ కొడుతూ నడిచింది. మబ్బు కమ్ముకుని గాలి చల్లగా తగులుతోంది. కోడలికి చొక్కా లోపల చెమట పట్టింది.

హాల్లో పెద్దసారు అప్పటికే వచ్చి కూర్చున్నాడు. మనిషి చెడ్డవాడు కాదు, తొందర మనిషి. వానలు ముంచుకొస్తున్నాయి, ఇవాళ్టితో తేల్చేయాలి, ఒక్క ఇల్లు తగ్గినా సిమెంటు కాలువకే ఉత్తర్వులు ఇస్తాను అని ముందే చెప్పేశాడు. చివరి విడత పద్ధతి కూడా కోడలు పెట్టిందే. ఒక్కో ఇంటివాళ్లూ పటం దగ్గరికి వచ్చి, తమ సూది మీద వేలు పెట్టి, 'ఈ సూది నేనే గుచ్చాను' అని పైకి అనాలి. రేపు ఎవరూ నాకు తెలీదనడానికి వీల్లేకుండా.

వీధి ఎగువ నుంచి పిలుపులు మొదలయ్యాయి. నీళ్లు వచ్చే దారినే పేర్లూ వచ్చాయి. బేకరీ ఆయన వచ్చి అన్నాడు. మేడమీద అద్దెకున్న దంపతులు వచ్చి ఒకేసారి అన్నారు. రేడియో బాబాయి వచ్చి, అనాల్సిన మాటకు ముందో ఉపన్యాసం, వెనకో ఉపన్యాసం కలిపి అన్నాడు. అందరూ నవ్వారు. అత్తగారు కూడా నవ్వింది. కోడలి చెవి దగ్గరికి వంగి, మన ఇంటి మీద సూది ఉండదుగా, అప్పుడు లేచి అడుగుతా చూడు అని గుసగుసగా చెప్పింది.

నీళ్లన్నీ చేరేది బావి దగ్గరికే కాబట్టి వాళ్ల ఇల్లు ఆఖరున వచ్చింది. పెద్దసారు చదివాడు. "టైలరమ్మగారి ఇల్లు."

అత్తగారు లేచి వెళ్లింది. కళ్లజోడు సవరించుకుని పటం మీదికి వంగింది. పెరటి చోట సూది ఉంది. ఆవిడ ఆశ్చర్యపోయి ముందుకు జరిగింది. నీలం పీలిక. ఆవిడ ఆ పీలికను వేళ్లతో పట్టుకుని ముడి చూసింది.

దారం వేలికి చుట్టి, లోపలినుంచి మెలిపెట్టి లాగే ముడి అది. కత్తిరిస్తే తప్ప ఊడదు. పెళ్లయి వచ్చిన కొత్తలో బొత్తాం కుట్టడం కూడా రాని కోడలిని పక్కన కూర్చోబెట్టుకుని, వేలు పట్టి, ఎన్నో మధ్యాహ్నాలు నేర్పిన ముడి. షెడ్డులో పనిచేసేవాళ్లకు కూడా ఆవిడ అది నేర్పలేదు.

హాలంతా ఆవిడ మాట కోసం చూస్తోంది. ఆవిడ వెనక్కి తిరగలేదు. భుజాలు మాత్రం కొంచెం కిందికి దిగాయి. నేనే గుచ్చాను అని ఒక్క మాట అనేస్తే అయిపోతుంది. అనెయ్యండి అత్తయ్యా అని కోడలి మనసు సిగ్గులేకుండా బతిమాలింది. ఆ తర్వాత జీవితాంతం మీ కాళ్లు పట్టుకుంటాను, ఇప్పుడు మాత్రం అనెయ్యండి.

అత్తగారు సూదిని పటంలోంచి తీసింది. రోజూ షెడ్డులో చేసినట్టే తన కాలరుకు గుచ్చుకుంది.

"ఇది నేను గుచ్చింది కాదు" అంది పెద్దసారుతో.

"మరెవరు గుచ్చారమ్మా?"

"గుచ్చినవాళ్లే చెప్పాలి."

ఆవిడ ఎవరి వైపూ చూడలేదు. చూసి ఉంటే బావుండేదని కోడలికి అనిపించింది. లేచి నిలబడింది. రోజంతా గొంతులో అడ్డంపడిన మాట, ఇప్పుడు ఎవరూ ఆపకపోయేసరికి దానంతటదే వచ్చింది.

"ఈ సూది నేనే గుచ్చాను. అత్తయ్యను అడక్కుండా."

ఒక క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత హాలంతా గోలగోల అయింది. ఎవరి సూది వాళ్లే గుచ్చాలన్న మనిషేనా అని ఒకరు, ఆరోజు మనతో ఆఁ అన్నది అబద్ధమా అని ఇంకొకరు. కంచే చేను మేస్తే ఇంక చెప్పేదేముంది అని రేడియో బాబాయి తన మెట్ల మీది సూది తీయడానికి కదిలాడు. ఆయన వెనకే ఇంకో ఇద్దరు కుర్చీలు జరిపారు.

"బాబాయిగారూ." అత్తగారు గొంతు పెంచలేదు. "నా సూది నేను తీసుకున్నాను. మీది మీరు తీసుకుంటే మీ ఇష్టం. నా పేరు చెప్పి మాత్రం తియ్యొద్దు."

బాబాయి చెయ్యి గాల్లోనే ఆగింది. ఆ మనిషికి మాట దొరకకపోవడం వీధి చూడ్డం అదే మొదటిసారి. అత్తగారు మంచి చెప్పులు టకటకలాడించుకుంటూ హాలు దాటి వెళ్లిపోయింది.

పెద్దసారు పెన్ను మూసి జేబులో పెట్టుకున్నాడు. రేపు పొద్దున్నే తను వేరే ఊరు వెళ్లాలనీ, ఇవాళ తను ఇంటికి వెళ్లేలోగా ఆ సూది సంగతి చెప్పకపోతే తనేం చేయలేననీ అన్నాడు. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే కోడలు తట్టుకునేది.

ఆమె ఇంటికి పరిగెత్తింది. షెడ్డు తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల ఎవరూ లేరు. మిషను చప్పుడు లేదు. ఇంత పెద్ద కోపానికి మిషను నడవకపోవడంతో ఆమెకు భయమేసింది. భర్త పెరట్లో నిలబడి, మాట్లాడకుండా పైకి చెయ్యి చూపించాడు.

మేడగదిలో చాప తీసి మూలకు చుట్టి ఉంది. పొద్దున తొక్కుకుంటూ వెళ్లిన గీతలు ఇప్పుడు పూర్తిగా కనిపించాయి. నేలమీద నలుచదరపు గళ్లు. ఒక గడిలో 'కాజాలు' అని సుద్దతో రాసి ఉంది. గోడవార పొడుగు గడిలో 'కత్తిరింపు బల్ల'. గడికీ గడికీ మధ్య మనిషి నడవడానికి దారి. కిటికీ పక్కన, వెలుతురు బాగా పడే చోట, ఏమీ రాయని గడి ఒకటి. దానికి పేరు అక్కర్లేదు, అది ఎవరి మిషనుదో కోడలికి తెలుసు.

అత్తగారు మోకాళ్ల మీద కూర్చుని తడిగుడ్డతో గళ్లు తుడిచేస్తోంది. పొడుగు గడి అప్పుడే సగం పోయింది.

"ఇవి..." కోడలు గుమ్మంలోనే ఆగిపోయింది. "ఇవెప్పుడు గీశారత్తయ్యా?"

"చెల్లి దగ్గర్నుంచి వచ్చిన మర్నాడు." ఆవిడ తుడవడం ఆపలేదు. "వీధంతా చెప్పుకుంటున్నారు, మెట్లబావి తెరుస్తారట, మెట్లబావి తెరుస్తారట అని. పెళ్లయి వచ్చినప్పుడు నేనూ దిగానే ఆ మెట్లు. నాకు మాత్రం ఉండదా? నువ్వొచ్చి అడుగుతావు, అడగ్గానే తీసుకొచ్చి ఇది చూపిద్దామనుకున్నా. రోజూ చూశాను, ఇవాళ అడుగుతుంది, ఇవాళ అడుగుతుంది అని."

'కాజాలు' అన్న మాట గుడ్డ కింద తెల్లటి నీళ్లయిపోయింది. కోడలు ఆవిడ ఎదురుగా నేలమీద కూలబడింది. కొత్త చొక్కా అంచు తడిలో పడింది. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటున్నానని తెలుసు, అయినా పట్టుకోకుండా ఉండలేకపోయింది.

"ఇప్పుడడుగుతాను. అత్తయ్యా..."

"ఇప్పుడు నన్నడగవు. పెద్దసారు వెళ్లిపోతాడని అడుగుతావు."

అందులో అబద్ధం ఎక్కడుందో కోడలికి కనిపించలేదు. వెక్కి వెక్కి ఏడ్చింది. అత్తగారు ఊరుకో అనలేదు, పొమ్మనీ అనలేదు. గళ్లన్నీ పోయాయి. కిటికీ పక్కది ఒక్కటే మిగిలింది. ఆవిడ గుడ్డను బకెట్టులో ముంచి, పిండి, అటు జరిగింది.

కింద వీధి తలుపు దగ్గర మాటలు వినిపించాయి. రేడియో బాబాయి గొంతు, బేకరీ ఆయన గొంతు, వెనక ఇంకా చాలామంది. పెద్దసారు బండిలో కూర్చుని ఉన్నాడట, ఏం చెప్పమంటారని అడుగుతున్నారు. భర్త మెట్ల దగ్గరికి వచ్చి పైకి కేక వేశాడు. ఆ ఇంట్లో ఆయన గొంతు అంత గట్టిగా వినపడి ఎన్నాళ్లయిందో.

"అమ్మా, వీధివాళ్లు వచ్చారు. ఏం చెప్పమంటావో నువ్వే చెప్పు."

అత్తగారు కోడలి వైపు చూసింది. హాల్లో సూది తీసుకున్నప్పటి నుంచి తిన్నగా చూడడం ఇదే.

"వెళ్లు. వెళ్లి నువ్వే చెప్పు."

"ఏమని చెప్పను?"

"నన్నడక్కుండా చెప్పడం నీకు కొత్తా?"

కోడలు లేవలేదు. మోకాళ్ల మీదే జరిగి వెళ్లి కిటికీ పక్కన, చివరి గడిలో కూర్చుంది. "అడక్కుండా చెప్పను. సారు వెళ్లిపోయినా సరే" అంది.

అత్తగారి చేతిలో తడిగుడ్డ ఆగింది. దాంట్లోంచి నీళ్లు బొట్లు బొట్లుగా సుద్దగీత పక్కనే పడుతున్నాయి. కాలరుకు గుచ్చుకున్న సూది నీలం పీలికతో సహా అలాగే ఉంది. కిటికీ రేకు మీద వాన మొదలైంది. కింద పెద్దసారు బండి స్టార్టు చేసిన చప్పుడు వినపడింది.

"లే అమ్మాయ్" అంది అత్తగారు. "ఆ గీత నేను చూసుకోవాలి."

తుడవడానికో, ఉంచడానికో చెప్పలేదు.